ఒకే షెడ్డు, ఒకే గాలి: మందుకు లొంగని బ్యాక్టీరియా పశువులకూ పనివాళ్లకూ మధ్య ఎలా తిరుగుతుంది?

2004లో నెదర్లాండ్స్‌లో ఆరు నెలల పాపకు ఛాతీ ఆపరేషన్ చేయాల్సి వచ్చింది. ముందుగా చేసే పరీక్షల్లో ఆ పాప దగ్గర ఎంఆర్‌ఎస్‌ఏ అనే బ్యాక్టీరియా బయటపడింది. చాలా యాంటీబయాటిక్స్‌కు లొంగని రకం అది, ఆసుపత్రుల్లో పేరు వింటేనే టెన్షన్ పుట్టే రకం. ఆ దేశపు ఆసుపత్రులు దాన్ని ఎక్కడుందో వెతికి మరీ తరిమేస్తాయి కాబట్టి అక్కడ అది చాలా అరుదు. మరి ఇంకా పాకడం కూడా రాని పాపకు ఎక్కడి నుంచి అంటుకుంది? ఏ వంశానికి చెందిన బ్యాక్టీరియానో చెప్పాల్సిన ల్యాబ్ పరీక్ష కూడా ఇక్కడ చేతులెత్తేసింది. డీఎన్‌ఏను ముక్కలు చేయడానికి అప్పట్లో వాడే ఎంజైమ్ దీని డీఎన్‌ఏను కోయలేకపోయింది. అమ్మానాన్నలను పరీక్షిస్తే వాళ్లలోనూ అదే ఉంది. వాళ్లు పందులు పెంచేవాళ్లు.

ఆ తర్వాత చుట్టుపక్కల పందులు పెంచే 26 మందిని పరీక్షిస్తే ఆరుగురి దగ్గర ఎంఆర్‌ఎస్‌ఏ కనిపించింది. ఆ దేశంలో మామూలు జనంతో పోలిస్తే ఇది 760 రెట్లకు పైగా ఎక్కువ అని పరిశోధకులు లెక్క కట్టారు. ఆరుగురు అనగానే చిన్న సంఖ్యలా ఉంటుంది గానీ, వాళ్లలో ఎవరూ జబ్బుపడలేదు, ఎవరికీ తమ ముక్కులో ఏముందో తెలియదు. అదే అందరినీ ఆలోచనలో పడేసింది.

పశువుల షెడ్డుకూ మనిషి ఒంటికీ మధ్య జరిగే ఈ రాకపోకల గురించి రెండు రకాల మాటలు వినిపిస్తుంటాయి. మొత్తం తప్పు పశుపోషణదే అనేది ఒకటి. అసలు సమస్య ఆసుపత్రుల్లోనే ఉంది, పశువుల గొడవ ఎందుకు అనేది రెండోది. రెండింటిలోనూ కొంత నిజం ఉంది. అది ఎంతో తేలాలంటే మొదటి నుంచీ రావాలి.

లొంగనిది మనిషి ఒళ్లు కాదు, బ్యాక్టీరియా

"ఆ మందుకు నా ఒళ్లు అలవాటుపడిపోయింది, ఇక పనిచేయదు" అని చాలామంది అంటుంటారు. యాంటీబయాటిక్ విషయంలో ఈ మాట సరికాదు. మందుకు అలవాటుపడేది ఒళ్లు కాదు. ఒంట్లో ఉన్న బ్యాక్టీరియాలో మందును తట్టుకునేవి మిగిలి, తట్టుకోలేనివి చచ్చిపోతాయి. అంతే జరిగేది. అందుకే జీవితంలో ఒక్కసారి కూడా యాంటీబయాటిక్ మింగని మనిషికి కూడా మందుకు లొంగని బ్యాక్టీరియా అంటుకోవచ్చు. ఆ పాప సంగతి అదే.

ఒక చిన్న లెక్క చూద్దాం. ఒక జంతువు పేగులో ఒకే జాతి బ్యాక్టీరియా కోటి ఉన్నాయనుకుందాం. వాటిలో పదింటికి మాత్రం ఒక మందును తట్టుకునే శక్తి ఉంది. అంటే పది లక్షలకు ఒకటి. ఒక్కో డోసు మామూలు బ్యాక్టీరియాలో వెయ్యింటికి 999ని చంపుతుందనుకుందాం. మొదటి డోసు తర్వాత మామూలువి పదివేలు మిగులుతాయి, మొండివి మాత్రం ఆ పదీ అలాగే ఉంటాయి. ఇప్పుడు నిష్పత్తి వెయ్యికి ఒకటి. రెండో డోసు తర్వాత మామూలువీ పదే, మొండివీ పదే. మూడో డోసుతో మామూలువి తుడిచిపెట్టుకుపోతాయి. ఖాళీ అయిన చోటంతా ఆ పదింటి సంతానానిది. అన్నీ కలిసొస్తే, పేగుల్లో ఉండే ఈ కొలి (E. coli) లాంటి బ్యాక్టీరియా 20 నిమిషాలకోసారి రెట్టింపవుతుంది. ఆ వేగంతో పది గంటల్లో 30 సార్లు రెట్టింపై ఒక్కటి 107 కోట్లవుతుంది. పేగులో ఇంత వేగం ఉండదు, లెక్క ఇంత శుభ్రంగానూ నడవదు. కానీ దిశ మాత్రం ఇదే.

ఇంకో తేడా కూడా ముందే తెలుసుకోవాలి. బ్యాక్టీరియా ఒంటిమీద తిష్ట వేయడం వేరు, ఇన్ఫెక్షన్ రావడం వేరు. ఎంఆర్‌ఎస్‌ఏ ముక్కులో నెలల తరబడి ఊరికే కూర్చుని ఉండొచ్చు. చర్మం తెగినప్పుడో, ఆపరేషన్ జరిగినప్పుడో, రోగనిరోధక శక్తి పడిపోయినప్పుడో లోపలికి దిగి కురుపు దగ్గర్నుంచి రక్తంలో విషం దాకా ఏదైనా చేయొచ్చు. "పనివాళ్లలో ఇంత శాతం మందికి సూపర్‌బగ్" అని వార్త వస్తే, అది ఎక్కువసార్లు తిష్ట గురించి, జబ్బు గురించి కాదు. వార్త రాసేవాళ్లు ఈ రెంటినీ కలిపేయడం వల్లే సగం గందరగోళం.

జబ్బు లేని పశువుకు మందు ఎందుకు పెడతారు?

మనుషులకు యాంటీబయాటిక్ ఇచ్చే తీరుకూ, పశువుల షెడ్డులో ఇచ్చే తీరుకూ పోలిక తక్కువ. పొదుగువాపు వచ్చిన ఒక ఆవుకు మందు వేస్తే అది చికిత్స. దాంట్లో ఎవరికీ పేచీ లేదు. కానీ 20,000 కోళ్లున్న షెడ్డులో పదికి దగ్గు మొదలైతే ఆ పదింటినీ ఏరి మందు వేయడం అయ్యే పని కాదు. నీళ్ల ట్యాంకులో మందు కలిపి మొత్తం షెడ్డుకు తాగిస్తారు. ఇది రెండో తీరు. జబ్బే మొదలవకుండా, పిల్లలను తల్లి నుంచి వేరుచేసేటప్పుడో, బ్యాచ్ మారేటప్పుడో ముందుజాగ్రత్తగా ఇవ్వడం మూడో తీరు. నాలుగోది ఎదుగుదల కోసం ఇవ్వడం. 1940ల చివర్లో అమెరికాలో థామస్ జూక్స్ బృందం యాంటీబయాటిక్ తయారీలో మిగిలిన పిప్పిని కోడిపిల్లల దాణాలో కలిపితే అవి త్వరగా బరువు పెరిగాయి. అప్పటి నుంచి కొన్ని దశాబ్దాల పాటు తక్కువ మోతాదులో రోజూ దాణాతో పాటు మందు వెళ్లింది.

మొండి బ్యాక్టీరియాకు ఈ నాలుగో తీరు బాగా కలిసొస్తుంది. మోతాదు తక్కువ, రోజులు ఎక్కువ, జంతువులు వేలల్లో. పై లెక్కలో మూడు డోసుల్లో జరిగింది ఇక్కడ నిదానంగా, తెరిపి లేకుండా జరుగుతుంది.

ప్రపంచంలో అమ్ముడయ్యే యాంటీబయాటిక్స్‌లో 73 శాతం పశువులకే పోతుందని 2017లో ఒక అంచనా వచ్చింది. ఈ అంకె అందరి నోటా నానుతుంది. అయితే అది బరువు లెక్క. ఆరువందల కిలోల ఆవుకూ అరవై కిలోల మనిషికీ ఒకే మోతాదు సరిపోదు కదా. పైగా పశువులకు వాడే మందుల్లో మనుషులకు అసలు వాడనివీ ఉన్నాయి. కాబట్టి 73 శాతం మందు అంటే 73 శాతం ప్రమాదం అని అర్థం చేసుకోకూడదు.

షెడ్డులో అది ప్రయాణించే దారులు

తెల్లవారుజామున షెడ్డు తలుపు తీసినప్పుడు లోపలికి పడే వెలుతురు గీతలో చూస్తే తెలుస్తుంది, గాలి ఎంత చిక్కగా ఉంటుందో. ఆ దుమ్ములో దాణా పొడి ఉంటుంది, రాలిన చర్మపు పొలుసులు ఉంటాయి, ఎండిన పేడ ఉంటుంది. పంది చర్మం మీదా ముక్కులోనూ ఉండే స్టాఫ్ బ్యాక్టీరియా (పూర్తి పేరు స్టాఫిలోకాకస్ ఆరియస్, ఎంఆర్‌ఎస్‌ఏ ఇందులోనే ఒక మొండి రకం) ఈ పొలుసులెక్కి గాల్లో తేలుతుంది. పనిచేసే మనిషి ముక్కు దాన్ని గంటల తరబడి వడకడుతుంటుంది. మాస్కు ఇస్తారు. అరగంటకే చెమట పట్టి, ఊపిరాడక, అది గడ్డం కిందకు జారుతుంది. ఎవరిదీ తప్పని అనలేం. ఆ ఉక్కలో పని చేసినవాళ్లకు తెలుస్తుంది.

బ్యాచ్ అయిపోయాక షెడ్డును ప్రెషర్ పంపుతో కడిగేటప్పుడు గోడకు అంటుకున్నదంతా తుంపరగా లేస్తుంది. కోళ్లను పట్టి గంపల్లో పెట్టేటప్పుడు గోళ్లు గీరుకుంటాయి. సూది వేస్తుంటే జంతువు కదిలి, సూది మనిషి వేలికి దిగుతుంది. చేయి కడగకుండా సెల్‌ఫోన్ తీస్తారు, ముఖం తుడుచుకుంటారు. పేగుల్లో ఉండే ఈ కొలి లాంటివి ఎక్కువగా ఇలా చేతి నుంచి నోటికి వెళ్తాయి. స్టాఫ్ ముక్కులోకి, చర్మం మీదకు వెళ్తుంది. రెండింటి దారులూ వేరు కాబట్టి రెండింటినీ ఒకే మాస్కుతో ఆపలేం.

పైకి కనపడని దారి మరొకటుంది. పొదుగువాపుకు మందు వేసిన ఆవు పాలు కొన్నాళ్లు అమ్మకూడదు. పారబోయడానికి మనసొప్పక చాలాచోట్ల దూడలకు పోస్తారు. అంటే అప్పుడే కళ్లు తెరిచిన పేగులోకి పలచటి మందు దిగుతుంది. ఆ దూడలకు రోజూ బాటిల్‌తో పాలు పట్టేది, వేళ్లు చీకించేది ఇంట్లో పిల్లలు కావచ్చు.

షెడ్డులోకి వెళ్లి వచ్చిన ప్రతివాళ్లూ మోసుకొస్తారా అంటే, అలా ఉండదు. ఎంఆర్‌ఎస్‌ఏ ఉన్న ఫారాలకు కాసేపు వెళ్లొచ్చిన వాళ్లను పరీక్షిస్తే, బయటికి రాగానే ముక్కులో కొందరికి కనిపించింది గానీ వాళ్లలో దాదాపు అందరికీ మరుసటి రోజుకు పోయింది. గాలితో లోపలికి వెళ్లింది, తిష్ట వేయలేదు. ఏళ్ల తరబడి రోజూ అదే గాలి పీల్చేవాళ్ల సంగతి వేరు. జర్మనీలో పందుల ఫారాల వాళ్లను సెలవులకు వెళ్లొచ్చాక పరీక్షిస్తే సగానికి పైగా మందిలో అది అలాగే ఉంది. ప్రమాదం ఎవరికి అనే ప్రశ్నకు ఇక్కడే సగం జవాబు దొరుకుతుంది. ఎంతసేపు, ఎన్నాళ్లు అన్నదే అన్నిటికన్నా ముఖ్యం.

బ్యాక్టీరియా నిలవలేకపోయినా జన్యువు దాటిపోతుంది

ఇక్కడి నుంచి కథ కాస్త చిక్కుబడుతుంది. పశువులో బతకడానికి అలవాటుపడిన బ్యాక్టీరియా మనిషి పేగులో ఎక్కువ కాలం నిలవలేకపోవచ్చు. కానీ అది వెళ్లే లోపు తన దగ్గరున్న ఒక చిన్న డీఎన్‌ఏ చుట్టను పక్కనున్న బ్యాక్టీరియాకు అందించి పోవచ్చు. ఈ చుట్టను ప్లాస్మిడ్ అంటారు. మందును తట్టుకునే జన్యువులు తరచూ ఇలాంటి ప్లాస్మిడ్ల మీదే ఉంటాయి, ఒకే చుట్టలో నాలుగైదు మందులకు సంబంధించినవి కూడా. ఇంటికొచ్చిన చుట్టం తాళంచెవి నకలు ఇచ్చి వెళ్లిపోయినట్టు. చుట్టం కోసం వెతికితే దొరకడు, తాళంచెవి మాత్రం ఇంట్లోనే ఉంటుంది.

దీనికి నాకు తెలిసినంతలో అన్నిటికన్నా శుభ్రమైన ఉదాహరణ తూర్పు జర్మనీది. అక్కడ 1983 నుంచి నోర్సియోథ్రిసిన్ అనే మందును పందులకు ఎదుగుదల కోసం ఇచ్చారు. మనుషులకు ఈ మందును ఎప్పుడూ వాడలేదు. కాబట్టి మనుషుల్లో దీనికి లొంగని బ్యాక్టీరియా కనిపిస్తే నెపం ఆసుపత్రుల మీదకు నెట్టడానికి వీల్లేదు. రెండేళ్లు గడిచేసరికి పందుల పేగుల్లో ఈ మందును తట్టుకునే ఈ కొలి కనిపించింది. తర్వాత ఫారాల్లో పనిచేసేవాళ్లలో, వాళ్ల ఇళ్లవాళ్లలో, ఆ తర్వాత పందులతో ఏ సంబంధమూ లేని పట్టణవాసుల్లో, 1990 నాటికి మూత్రనాళపు ఇన్ఫెక్షన్లతో వచ్చిన రోగుల్లో కనిపించింది. జిగట విరేచనాలు తెచ్చే షిగెల్లాలోకి కూడా ఆ జన్యువు చేరింది. షిగెల్లా మనుషుల బ్యాక్టీరియా, పందుల్లో ఉండదు. అంటే దారిలో ఎక్కడో జన్యువు బండి మారింది.

కొలిస్టిన్ కథ కూడా ఈ కోవలోదే. మిగతా మందులన్నీ ఓడిపోయాక ఐసీయూల్లో బయటికి తీసే పాత మందు అది. చైనాలో మాత్రం దాన్ని టన్నుల కొద్దీ పందుల దాణాలో కలిపేవారు. అక్కడ ఒక పంది నుంచి తీసిన ఈ కొలిలో, ఈ మందుకు లొంగని గుణం ప్లాస్మిడ్ మీద ఉన్నట్టు 2015 నవంబరులో ప్రకటించారు. ఆ జన్యువుకు ఎంసీఆర్-1 అని పేరు పెట్టారు. అప్పటిదాకా కొలిస్టిన్‌కు లొంగకపోవడం బ్యాక్టీరియా సొంత డీఎన్‌ఏలో మార్పుల వల్ల వచ్చేది, తల్లి నుంచి పిల్లకే పోయేది. ప్లాస్మిడ్ ఎక్కాక పక్కింటికి కూడా పోవచ్చు. మిగతా దేశాలు తమ ఫ్రిజ్‌లలో దాచుకున్న పాత నమూనాలను తీసి వెతికితే చాలాచోట్ల అది ముందు నుంచే ఉంది.

పశువు నుంచే వచ్చిందని ఎలా చెప్పగలం?

ఒక ఫారంలో పందికీ అక్కడ పనిచేసే మనిషికీ ఒకే రకం బ్యాక్టీరియా ఉందంటే పంది నుంచే మనిషికి వచ్చిందని వెంటనే అనేస్తాం. కానీ రెండింటికీ మూడో చోటు నుంచి వచ్చి ఉండొచ్చు. మనిషి నుంచే పందికి వెళ్లి ఉండొచ్చు.

దిశ తెలియాలంటే కాలక్రమం కావాలి. అమెరికాలో స్టువర్ట్ లెవీ అనే పరిశోధకుడు చేసింది అదే. మసాచుసెట్స్‌లోని ఒక చిన్న ఫారంలో కోళ్లకు టెట్రాసైక్లిన్ అనే యాంటీబయాటిక్ కలిపిన దాణా మొదలుపెట్టి, కోళ్ల రెట్టనూ, ఆ ఇంట్లోవాళ్ల మలాన్నీ, ఇరుగుపొరుగువాళ్ల మలాన్నీ వారం వారం పరీక్షించారు. 1976లో ఫలితాలు వచ్చాయి. వారం తిరిగేసరికి కోళ్ల పేగుల్లో దాదాపు అన్నీ టెట్రాసైక్లిన్‌కు లొంగనివే. మనుషుల్లో మార్పు నిదానంగా వచ్చింది. ఐదారు నెలలకు ఆ ఇంటివాళ్ల నమూనాల్లో 31.3 శాతంలో నూటికి 80కి పైగా బ్యాక్టీరియా మందుకు లొంగనివే. ఇరుగుపొరుగువాళ్ల నమూనాల్లో అలాంటివి 6.8 శాతమే. ఇంటివాళ్లెవరూ ఆ మందు తినలేదు. ముందు కోడి, తర్వాత మనిషి. వరుస స్పష్టంగా ఉంది.

ఇప్పుడు డీఎన్‌ఏ మొత్తాన్ని చదివే సదుపాయం ఉంది. స్టాఫ్ ఆరియస్ డీఎన్‌ఏలో సుమారు 28 లక్షల అక్షరాలుంటాయి. ఏడాదికి రమారమి ఎనిమిది అక్షరాలు మారుతుంటాయి. ఒక పంది నుంచీ ఫారంలో పనిచేసే ఒక మనిషి నుంచీ తీసిన నమూనాల మధ్య ఆరు అక్షరాల తేడా ఉందనుకుందాం. రెండు వైపులా మార్పులు జరుగుతాయి కాబట్టి ఏడాదికి పదహారు తేడాలు వస్తాయి. ఆరు తేడాలంటే నాలుగైదు నెలల క్రితం ఈ రెండింటికీ తల్లి ఒకటే. అదే 300 తేడాలుంటే ఆ తల్లి దాదాపు పంతొమ్మిదేళ్ల కిందటిది, ఈ ఫారంలో జరిగిన అంటుకు దానితో సంబంధం లేదు. అయితే ఒకటి గమనించాలి. ఆరు అక్షరాల తేడా బంధుత్వాన్ని చెబుతుందే గానీ ఎవరి నుంచి ఎవరికో చెప్పదు. దానికి రెండు వైపులా చాలా నమూనాలు తీసి, ఎవరి కొమ్మ లోపల ఎవరి కొమ్మ మొలిచిందో చూడాలి. ప్లాస్మిడ్ బండి మారితే ఈ వంశవృక్షం కూడా దారి తప్పిస్తుంది, బ్యాక్టీరియాల మధ్య వేల తేడాలుండి జన్యువు మాత్రం ఒకటే అయ్యుండొచ్చు.

మనిషి నుంచి పశువుకు పోయే దారి

నెదర్లాండ్స్‌లో ఆ పాప ద్వారా బయటపడిన వంశాన్ని ఇప్పుడు సీసీ398 అంటున్నారు. "పందుల ఎంఆర్‌ఎస్‌ఏ" అని ముద్ర పడిపోయింది. 2012లో దీని వంశవృక్షం గీస్తే విషయం తిరగబడింది. దీని పూర్వీకులు మనుషుల్లో ఉండేవి, మామూలు మందులకు లొంగే సాదా స్టాఫ్. అవి మనుషుల నుంచి పశువుల్లోకి దూకాయి. అక్కడ టెట్రాసైక్లిన్‌నూ, పెన్సిలిన్ కుటుంబంలోని మెథిసిలిన్ తరహా మందులనూ తట్టుకునే జన్యువులను సంపాదించుకున్నాయి. మనిషి రోగనిరోధక వ్యవస్థను తప్పించుకోవడానికి పనికొచ్చే జన్యువులను మాత్రం పోగొట్టుకున్నాయి. ఆ తర్వాత పనివాళ్ల మీదుగా మళ్లీ మనుషుల్లోకి వచ్చాయి. మనుషుల నుంచి తప్పిపోయిన బ్యాక్టీరియా మొండిదై తిరిగి ఇంటికొచ్చిందన్నమాట.

కోళ్లదీ ఇదే తీరు. ప్రపంచమంతటా కోళ్లలో కాళ్ల వాపులు తెచ్చే ఒక స్టాఫ్ రకం కొన్ని దశాబ్దాల క్రితం మనుషుల నుంచి దూకినదే అని 2009లో తేలింది. నార్వేలో పందుల ఫారాల్లోకి సీసీ398 ఎలా వచ్చిందో ఆరా తీస్తే వేళ్లు మనుషుల వైపే చూపించాయి. అక్కడ పందుల మీద నిఘా పెట్టి, దొరికిన మందలను ఖాళీ చేసి, షెడ్లను కడిగి, కొత్త పందులను తెచ్చుకునే పద్ధతి పెట్టుకున్నారు. అలా శుభ్రంగా ఉన్న మందల్లోకి బ్యాక్టీరియాను మోసుకెళ్లింది పనిచేసే మనుషులే. పశువుల నుంచి మనిషిని కాపాడటం గురించే మాట్లాడుకుంటాం గానీ, నార్వే మనిషి నుంచి పందిని కాపాడే పనిలో పడింది.

ఇంతకీ ఈ గుణాలన్నీ మనం మందు కనిపెట్టాకే పుట్టాయా? అదీ కాదు. మెథిసిలిన్‌ను తట్టుకునే ఎంఆర్‌ఎస్‌ఏలో ఒక రకాన్ని 2011లో పాడి ఆవుల్లో గుర్తించారు. ఆవులకు వేసిన మందుల వల్లే అనుకున్నారు. తీరా 2022లో చూస్తే, యూరప్‌లోని ముళ్లపందుల్లాంటి చిన్న జంతువులు, హెడ్జ్‌హాగ్‌ల చర్మం మీద ఆ రకం యాంటీబయాటిక్స్ రాకముందు నుంచే ఉంది. వాటి చర్మం మీద పెరిగే ఒక ఫంగస్ పెన్సిలిన్ తరహా పదార్థాన్ని విడుదల చేస్తుంది. దానితో పోట్లాడి బతకడానికి స్టాఫ్ ఆ విద్య నేర్చుకుంది. జన్యువు ప్రకృతిదే. దానికి వేల జంతువుల షెడ్డుల్లో బతుకుతెరువు చూపించింది మాత్రం మనమే.

మొత్తం సమస్యలో పశువుల వాటా ఎంత?

2019లో మందుకు లొంగని బ్యాక్టీరియా వల్లే నేరుగా చనిపోయినవాళ్లు ప్రపంచవ్యాప్తంగా 12.7 లక్షల మంది అని అంచనా. ఇందులో పశువుల నుంచి వచ్చినదెంత అని అడిగితే నిపుణులు రెండుగా చీలతారు.

పశువుల వాటా తక్కువే అనేవాళ్ల దగ్గర గట్టి ఆధారాలున్నాయి. స్కాట్లాండ్‌లో చాలా మందులకు లొంగని సాల్మొనెల్లా (విరేచనాలు తెచ్చే బ్యాక్టీరియా) రకాన్ని మనుషుల నుంచీ పశువుల నుంచీ ఏళ్ల తరబడి సేకరించి డీఎన్‌ఏ చదివితే, రెండు గుంపులూ చాలావరకు ఎవరి దారి వారిదే అన్నట్టున్నాయని 2013లో తేలింది. నెదర్లాండ్స్‌లో కొన్ని ముఖ్యమైన మందులకు లొంగని ఈ కొలి జనంలోకి ఎక్కడి నుంచి వస్తోందో లెక్క వేస్తే సుమారు 60 శాతం జనం నుంచి జనానికే. ఆహారం నుంచి దాదాపు 19 శాతం. ఫారంలో పనిచేయని వాళ్లకు పశువులను నేరుగా తాకడం వల్ల వచ్చేది 4 శాతం లోపే. వ్యాంకోమైసిన్‌కు లొంగని ఎంటెరోకాకస్ అనే పేగు బ్యాక్టీరియా విషయం మరీ చిత్రం. యూరప్‌లో వ్యాంకోమైసిన్‌కు చుట్టమైన అవోపార్సిన్ అనే మందును పశువులకు వాడారు, పశువుల్లోనూ ఆరోగ్యంగా ఉన్న జనంలోనూ మొండి బ్యాక్టీరియా కనిపించింది. అమెరికాలో పశువులకు అవోపార్సిన్ వాడనే లేదు, అయినా ఆసుపత్రుల్లో ఆ సమస్య ఎక్కువగా ఉన్నది అక్కడే. ఆసుపత్రుల్లో వ్యాంకోమైసిన్ విపరీతంగా వాడటం దానికి కారణం.

పైగా సీసీ398 మనిషి నుంచి మనిషికి పాకడం ఆసుపత్రి రకాలతో పోలిస్తే చాలా తక్కువ అని నెదర్లాండ్స్ అధ్యయనాలే చెప్పాయి.

అవతలి వైపు వాదన కూడా తేలికైనది కాదు. వంశవృక్షాలు బ్యాక్టీరియాను వెతుకుతాయి, జన్యువు బండి మారితే పట్టుకోలేవు. తూర్పు జర్మనీలో జరిగింది సరిగ్గా అదే. ఇంకొకటి, ఒక జన్యువు పశువుల నుంచి మనుషుల్లోకి ఒక్కసారి దాటినా చాలు. తర్వాత అది మనిషి నుంచి మనిషికే తిరుగుతుంది. అప్పుడు లెక్క తీస్తే వాటా అంతా మనుషుల ఖాతాలో పడుతుంది, మొదటి దాటు ఎక్కడా కనిపించదు.

నా మట్టుకు నాకు ఈ గొడవలో ఇరుపక్షాలూ వేర్వేరు ప్రశ్నలకు జవాబు చెబుతున్నాయనిపిస్తుంది. "పట్టణంలో ఉండే మనిషికి ఈరోజు అంటుకున్న మొండి బ్యాక్టీరియా ఎక్కడిది?" అంటే జవాబు ఎక్కువసార్లు మరో మనిషి. "షెడ్డులో పనిచేసే మనిషికి అంటుకున్నది ఎక్కడిది?" అంటే జవాబు ఎక్కువసార్లు ఆ షెడ్డే. జనం మొత్తానికి సగటు తీస్తే ఈ రెండో మనిషి లెక్కలో కనపడడు. నెదర్లాండ్స్ లెక్కలో 4 శాతం లోపు అన్నది ఫారంలో పనిచేసేవాళ్లను పక్కన పెట్టి తీసినదే.

మందు ఆపేస్తే తగ్గుతుందా?

కొన్నిచోట్ల అనుకున్నదానికన్నా త్వరగానే తగ్గింది. డెన్మార్క్ 1995లో అవోపార్సిన్‌ను నిషేధించింది. మాంసం కోళ్ల నుంచి తీసిన ఒక ఎంటెరోకాకస్ రకంలో వ్యాంకోమైసిన్‌కు లొంగనివి ఆ ఏడాది సుమారు 73 శాతం ఉంటే 2000 నాటికి 6 శాతానికి పడిపోయాయి. చైనా 2017లో ఎదుగుదల కోసం కొలిస్టిన్ వాడకాన్ని ఆపింది. పందుల్లో కొలిస్టిన్‌కు లొంగని ఈ కొలి 2015-16లో 34 శాతం ఉన్నది 2017-18కి 5.1 శాతమైంది. మనుషుల్లో ఎంసీఆర్-1 మోస్తున్నవాళ్ల వాటా 2016లో 14.3 శాతం, 2019లో 6.3 శాతం.

డెన్మార్క్ పందుల్లో మాత్రం అవోపార్సిన్ ఆపినా మొండితనం కదల్లేదు. కారణం తర్వాత తెలిసింది. పందులకు టైలోసిన్ అనే ఇంకో మందు ఇస్తూనే ఉన్నారు. రెండు మందులనూ తట్టుకునే జన్యువులు ఒకే ప్లాస్మిడ్ మీద ఉన్నాయి. ఒకదాన్ని పోషిస్తే రెండోది ఉచితంగా బతికింది. టైలోసిన్ వాడకం తగ్గాకే అది దిగడం మొదలైంది. సీసీ398లోనూ ఇలాంటి మెలిక ఉంది. మెథిసిలిన్‌ను తట్టుకునే జన్యువు పక్కనే జింక్ లోహాన్ని తట్టుకునే జన్యువు ఉంటుంది. పందిపిల్లల విరేచనాలకు దాణాలో జింక్ ఆక్సైడ్ ఎక్కువ మోతాదులో కలిపితే, యాంటీబయాటిక్ ఒక్క చుక్క లేకుండానే మొండి రకం బాగుపడుతుంది. యూరప్ 2022లో ఆ వాడకాన్ని కూడా ఆపింది.

ఆపడానికి అయ్యే ఖర్చు ఎవరు మోయాలన్నది ఇంకా తేలని చోటు. షెడ్డులో జంతువుల సంఖ్య తగ్గించాలి, గాలి ఆడాలి, టీకాలు వేయాలి, పిల్లలను తల్లి దగ్గర ఇంకొన్నాళ్లు ఉంచాలి. పెద్ద ఫారాలకు ఇది పెట్టుబడి, చిన్న రైతుకు ఒక బ్యాచ్ నష్టం. జబ్బుపడ్డ జంతువుకు మందు లేకుండా చేయడం క్రూరత్వమే అని పశువైద్యులు అనే మాటలోనూ న్యాయం ఉంది. అందుకే ప్రపంచ ఆరోగ్య సంస్థ 2017లో ఇచ్చిన సూచనలు చికిత్స జోలికి పోకుండా, ఎదుగుదల కోసమూ జబ్బు లేని జంతువులకు ముందుజాగ్రత్తగానూ మందు ఇవ్వడం ఆపమన్నాయి. యూరప్‌లో ఎదుగుదల కోసం వాడకం 2006లోనే ఆగింది, షెడ్డు మొత్తానికి అలవాటుగా మందు పోయడం 2022లో ఆగింది. అమెరికాలో మనుషులకు ముఖ్యమైన మందులను ఎదుగుదల కోసం వాడటం 2017తో ముగిసింది.

పనివాళ్ల వైపు నుంచి చూస్తే మార్పు చిన్నగానే వచ్చింది. నెదర్లాండ్స్‌లో ఇప్పుడు ఆసుపత్రిలో చేరేటప్పుడు అడిగే ప్రశ్నల్లో, మీరు బతికున్న పందులతోనో దూడలతోనో పనిచేస్తారా అన్నది కూడా ఒకటి. అవునంటే ముక్కులో పుల్ల పెట్టి నమూనా తీస్తారు, ఫలితం వచ్చేదాకా విడి గదిలో ఉంచుతారు. పక్క మంచాల మీదున్న రోగుల కోసం పెట్టుకున్న జాగ్రత్త ఇది. ఇంటికెళ్లాక ఆ మనిషి మర్నాడు పొద్దున్నే తీసేది మళ్లీ అదే షెడ్డు తలుపు.